తెర ఆపి పాఠం మొదలుపెట్టండి

16,347 పోస్టులతో 2025లో వచ్చిన మెగా డీఎస్సీలో ఎంపికై మా పామర్రు వైపు హైస్కూళ్ళలో చేరిన కొత్త టీచర్లకు ఈ సలహాలు. బెజవాడ నుంచో, గుడివాడ నుంచో, బందరు నుంచో పొద్దున్నే బస్సెక్కి, పామర్రు సెంటర్లో దిగి, అక్కణ్ణుంచి ఆటో పట్టుకుని బడికి చేరేవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. గదిలో అడుగుపెట్టగానే గోడమీద పెద్ద టచ్ తెర, అదే ప్యానెల్, కనబడుతుంది. శిక్షణలో, కాంప్లెక్స్ మీటింగుల్లో దాని గురించి మీకు వినబడే మాట ఒకటే: ఎంత ఎక్కువ వాడితే అంత మంచి టీచరు. నేను చెప్పబోయేవి చాలావరకు దానికి ఎదురు. ఇవి తప్పుడు సలహాలని తోటి టీచర్లే అంటారు. అన్నా సరే, ప్రతి మాటా నమ్మి చెబుతున్నాను.

ప్యానెల్ మీద నాకు కోపమేమీ లేదు. 2019 నవంబరులో మొదలైన ‘మన బడి నాడు–నేడు’ కింద రాష్ట్రమంతటా 30 వేలకు పైగా తరగతి గదుల్లో ఇవి బిగించారు. జనం డబ్బుతో వచ్చిన వస్తువు. దాన్ని ఉత్త టీవీగా మార్చేసి వృథా చేస్తున్నామన్నదే నా బాధ.

మొదటి పది నిమిషాలు ప్యానెల్ వెయ్యకండి

పీరియడు మొదలయ్యేసరికి తెర వెలుగుతూ ఉంటే పిల్లలు వెనక్కి వాలి చూడ్డానికి సిద్ధపడతారు. చూడ్డానికి కూర్చున్న పిల్లవాడు పెన్ను తియ్యడు. అందుకని ముందు నోటితో ఒక ప్రశ్న అడగండి. ఈరోజు చెప్పబోయే పాఠంలోదే అడగండి, నిన్నటిది కాదు. జవాబు రఫ్ నోట్సులో రాయమనండి. తప్పయినా పర్లేదని చెప్పండి, నిజంగానే పర్లేదన్నట్టు ఉండండి. వాళ్ళు రాస్తుంటే వరసల మధ్య తిరగండి. ఆ తిరగడంలోనే మీకు ఆ రోజు పాఠం ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో తెలుస్తుంది.

మన సెంటరు నుంచి చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే కూచిపూడి దగ్గరే. అక్కడ అడుగులు నేర్పే గురువు కర్రతో తాళం వేస్తూ పిల్లల పాదాల మీదే చూపు పెడతారు. అరమండి జారిందంటే ఆపి మళ్ళీ మొదటినుంచి వేయిస్తారు. ఎంత గొప్ప నర్తకి వీడియో పెట్టినా ఆ వీడియో మన పిల్ల మోకాలు వంగిందో లేదో చూడలేదు. తరగతి గదిలో తెర సంగతీ అంతే. అది చూపించగలదు గానీ చూడలేదు. చూడాల్సిన పని మనదే. నా సలహాలన్నీ ఈ ఒక్క విషయం నుంచే పుట్టాయి: తెరను పిల్లలకు పాఠం చూపించడానికి కాదు, పిల్లలకు ఎక్కడ రావడం లేదో మనం చూడ్డానికి వాడాలి.

మంచి జవాబులు కాదు, తప్పులు తెరకెక్కించండి

అందమైన దస్తూరీతో, స్కేలు పెట్టి గీతలు గీసిన నోట్సు ఫొటో తీసి ప్యానెల్‌మీద చూపించి చప్పట్లు కొట్టించడం మనందరికీ అలవాటు. దాన్నుంచి మిగతా పిల్లలు నేర్చుకునేది ఏమీ ఉండదు. తప్పును పెద్దది చేసి చూపిస్తే మాత్రం గది మొత్తం లేచి కూర్చుంటుంది.

భిన్నాల కూడిక తీసుకోండి. 1/2కి 1/3 కలపమంటే 2/5 అని రాసేవాళ్ళు ప్రతి తరగతిలోనూ ఉంటారు. పైవాటిని పైన కలిపారు, కిందివాటిని కింద కలిపారు. వాళ్ళకది పూర్తిగా న్యాయంగానే తోస్తుంది. ఆ లెక్కను ఫోనుతో ఫొటో తీసి ప్యానెల్‌మీద పెట్టండి. పేరు కనబడకూడదు. దస్తూరీ చూసి ఎవరిదో పోల్చుకుంటారనుకుంటే మీరే ఎత్తి రాయండి. తప్పని చెప్పకండి. ‘ఒకళ్ళు ఇలా చేశారు. ఎందుకిలా చేసి ఉంటారు?’ అని మాత్రం అడగండి. అడిగి ఊరుకోండి. ఆ నిశ్శబ్దం మనకే ఇబ్బందిగా ఉంటుంది. అయినా ఓపిక పట్టండి.

కొంతసేపటికి ఎవరో ఒకరు పట్టుకుంటారు. మా తరగతిలో ఓ అమ్మాయి కూర్చున్నచోటు నుంచే, ‘సార్, 2/5 అంటే అర కన్నా తక్కువ కదా! అరకి ఇంకొంత కలిపితే అర కన్నా తగ్గుతుందా?’ అంది. నేను చాక్‌పీసు ఆమె చేతికిచ్చాను. ఆమె బోర్డుమీద రెండు పొడవాటి పట్టీలు గీసి, ఒకదాన్ని రెండు భాగాలు, ఇంకోదాన్ని అయిదు భాగాలు చేసింది. భాగాలు సమానంగా రాలేదు. తుడిచి మళ్ళీ గీసింది. అయిదింట్లో రెండు రంగు వేసేసరికి అరగీత దాకా రాలేదని అందరికీ కనబడింది. ఆ లెక్క రాసినవాడు ఈలోపే నోట్సులో కొట్టేసుకున్నాడు. కసాగు గురించి నేను మాట్లాడింది ఆ తర్వాతే. ఈ పని మొత్తంలో ప్యానెల్ వెలిగింది ఒక్క ఫొటో కోసం. అదే దానికి దక్కిన అసలైన పని.

చేతులెత్తమని అడగడం కూడా మానెయ్యండి. ‘అర్థమైందా?’ అంటే ‘అయింది సార్’ అని గదంతా పలుకుతుంది. ముందు బెంచీలో ముగ్గురు చేతులెత్తితే తరగతి మొత్తానికి వచ్చేసిందనుకుంటాం. ప్లికర్స్ అని ఒక సాధనం ఉంది. పిల్లలకు ఫోనులు, ట్యాబులు ఏమీ అక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక కాగితం కార్డు ఇస్తారు. దానిమీద క్యూఆర్ కోడ్ లాంటి గళ్ళ బొమ్మ ఉంటుంది. ఏ వైపు పైకి పట్టుకుంటే అది ఏ, బి, సి, డిలలో ఒక జవాబు. టీచరు ఒక్క ఫోను కెమెరా గదిమీద తిప్పితే ఎవరు ఏది ఎంచుకున్నారో తెలిసిపోతుంది. ఎవరి కార్డు బొమ్మ వాళ్ళదే కాబట్టి పక్కవాణ్ణి చూసి పట్టుకోవడం కుదరదు, బెరుకు పిల్లలు కూడా జవాబు చెబుతారు. కార్డులు మందపాటి అట్టమీద అంటించి దాచుకోండి, ఏడాదంతా వస్తాయి.

ఒక జాగ్రత్త. ప్రశ్న కింద ఇచ్చే తప్పు జవాబులు ఏవో నోటికొచ్చినవి ఇవ్వకండి. పిల్లలు నిజంగా రాసే తప్పులే ఇవ్వండి. 2/5 ఒకటి అవ్వాలి. అప్పుడే ఎంతమంది ఎందుకు తప్పారో తెలుస్తుంది.

శబ్దం ఆపెయ్యండి

రెడీమేడ్ వీడియోల్లో గొంతు మన పిల్లలది కాదు. ఎక్కడో స్టూడియోలో కూర్చున్నవాళ్ళు, పరీక్షకు తరిఫీదు ఇచ్చినట్టు గబగబా ఇంగ్లీషులో చెప్పుకుపోతారు. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు మనకు ఎందుకొచ్చాయో ఆలోచించండి. పిల్లవాడు రెండు భాషల మధ్య అటూ ఇటూ నడవాలి. వీడియోకి అలా నడిచే తీరిక లేదు.

కాబట్టి మ్యూట్ చెయ్యండి. బొమ్మ మాత్రం నడవనివ్వండి. గుండె కొట్టుకునే బొమ్మ అయితే, కవాటం మూసుకునే ముందు ఆపి, ‘ఇప్పుడు రక్తం ఎటు పోతుంది?’ అని తెలుగులో అడగండి. జవాబు వచ్చాక ఇంగ్లీషు పదం బోర్డుమీద రాసి పలికించండి. మూడు నిమిషాల వీడియోకి అరగంట పడుతుంది. పట్టనివ్వండి.

కెన్యాలో మైకేల్ క్రెమర్, ఆయన సహచరులు చేసిన ఒక అధ్యయనం ఈ విషయంలో నాకు పెద్ద పాఠం. పల్లె బడులకు ఉచితంగా పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. సగటు మార్కులు పెరగలేదు. అప్పటికే బాగా చదివే పిల్లలు మాత్రం లాభపడ్డారు. కారణం, ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. చాలామంది పిల్లలకు అది మూడో భాష. క్రెమర్‌కు 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పుస్తకానికే ఈ గతి పడితే, వెనక్కి తిప్పి చదువుకునే వీలు కూడా లేని వీడియో సంగతి చెప్పక్కర్లేదు.

కింది తరగతి పాఠం పెట్టండి

ఎనిమిదో తరగతికి నాలుగో తరగతి భాగహారం పెడితే సిలబస్ వెనకబడుతుందని భయపెడతారు. భయపడకండి. తెర ఇచ్చే అసలైన వెసులుబాటే ఇది: ఒక్కొక్కరికి వాళ్ళున్న మెట్టు నుంచి పాఠం పెట్టొచ్చు.

ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ పాఠాల మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనీమియన్ చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. అక్కడి ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని వాళ్ళు చూశారు. పిల్లవాడు ఉన్న మెట్టు నుంచి మొదలుపెట్టిన ఆ పాఠాలు నాలుగున్నర నెలల్లో గట్టి ఫలితం చూపించాయి. రోజూ సగం సమయం కంప్యూటర్ ముందు, సగం సమయం చిన్న గుంపులో మనిషి దగ్గర. పెరూలో దీనికి విరుద్ధంగా జరిగింది. పిల్లలకు లాప్‌టాప్‌లు పంచారు, 319 బడుల్లో ఫలితం కొలిచారు. పదిహేను నెలల తర్వాత లెక్కల్లోనూ భాషలోనూ తేడా లేదు.

మన రాష్ట్రంలో 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబుల పంపిణీ మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5,18,740 ట్యాబులు. వాటిల్లో బైజూస్ కంపెనీ పాఠాలు నింపి ఇచ్చారు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఎనిమిదో తరగతి పాఠమే చేతికిచ్చారు. నాకు కష్టంగా తోచింది అదే. నాలుగో తరగతి దగ్గర ఆగిపోయిన పిల్లవాడు ఆ పాఠాన్ని ఎంత అందమైన బొమ్మల్లో చూసినా అందుకోలేడు.

అలా కింది పాఠం పెట్టేటప్పుడు ‘ఇది చిన్న పిల్లలది’ అనే మాట మీ నోట రానివ్వకండి. పెద్ద పిల్లలకు అంతకన్నా పెద్ద అవమానం లేదు.

ప్రయోగం ముందు, సిమ్యులేషన్ తర్వాత

సైన్సు టీచర్లకు ఇది. తెరమీద బల్బు ఎప్పుడూ వెలుగుతుంది. నిజం బల్బు వెలగదు, చదువు అక్కడే మొదలవుతుంది.

విద్యుత్తు పాఠం రోజున నలుగురికి ఒక బ్యాటరీ, ఒక టార్చి బల్బు, ఒకే ఒక్క తీగ ఇచ్చి వెలిగించమనండి. చాలామంది తీగ ఒక కొస బ్యాటరీ పైన, రెండో కొస బల్బు అడుగున ఆనించి ఎదురుచూస్తారు. ఇంట్లో ఫ్యానుకి ఒకటే వైరు వెళ్తున్నట్టు కనబడుతుంది కదా, అదే వాళ్ళ మనసులో ఉంటుంది. బల్బు వెలగదు. ‘బ్యాటరీ అయిపోయింది’ అంటారు. పక్క గుంపు బ్యాటరీ తెచ్చుకుంటారు. అప్పటికీ వెలగదు. చెప్పెయ్యాలని మీకు నోరు దురద పెడుతుంది. చెప్పకండి. ఎవరో ఒకరు బల్బును నేరుగా బ్యాటరీ నెత్తిన నిలబెట్టి, తీగను బ్యాటరీ అడుగు నుంచి బల్బు పక్కన ఉన్న లోహపు పట్టీకి తాకిస్తారు. వెలుగుతుంది. గదిలో అరుపులు వినబడి పక్క క్లాసు టీచరు తొంగిచూసినా సర్దుకుపోతారు లెండి.

టార్చి బల్బులు ఇప్పుడు కొట్లలో తేలిగ్గా దొరకడం లేదు, అన్నీ ఎల్ఈడీలే. ఎల్ఈడీ వాడాల్సొస్తే ఒక బ్యాటరీ చాలదు, రెండు పెట్టాలి. తిరగేసి పెడితే వెలగదు. ఆ తిరగేసే సంగతి మంచి ప్రశ్నే గానీ మొదటి రోజుకు వద్దు. పాత టార్చీలు ఎవరి ఇంట్లోనైనా పడి ఉంటే తెమ్మనండి.

బల్బులు వెలిగాక ప్యానెల్ వెయ్యండి. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళ ‘ఫెట్’ సిమ్యులేషన్లు ఉచితం. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన పని అది. అందులో సర్క్యూట్ కట్టి చూపిస్తే తీగలో ఎలక్ట్రాన్లు కదలడం కనబడుతుంది. అది మన బల్లమీద ఎవరూ చూపించలేనిది. ‘బల్బు దాటాక కరెంటు తగ్గుతుందా?’ అని అడిగి, ముందు జవాబులు రాయించి, ఆ తర్వాత చూపించండి.

పామర్రు నుంచి ఏటికి ఎదురెళ్ళండి

తెర లేకపోతే నేను చెప్పలేని పాఠం ఒకటుంది. గూగుల్ ఎర్త్‌లో మీ బడి పైకప్పు వెతకండి. పిల్లలు ఎవరి వీధి వాళ్ళు, ఎవరి చేను వాళ్ళు పట్టుకునేదాకా వదిలెయ్యండి, గోలగా ఉన్నా సరే. తర్వాత ఊరి కాలువ మీద వేలు పెట్టి నీళ్ళొచ్చే వైపుకి జరుపుకుంటూ పొమ్మనండి. పిల్ల కాలువ పెద్ద కాలువలో కలుస్తుంది, అది చివరికి బెజవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర తేలుతుంది. 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన బ్యారేజీ అక్కడ మీరు నోటితో చెప్పండి. మళ్ళీ నదితో పాటు కిందకి రండి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి దివిసీమను ఒడిలో పెట్టుకోవడం చూపించండి.

అప్పుడు అడగండి: ‘కాలువలు మెరక మీద ఎందుకు పోతాయి, మురుగు డ్రెయిన్లు పల్లంలో ఎందుకు పోతాయి?’ పొలం ఉన్న పిల్లలు చెప్పేస్తారు. నీరు చేలోకి దిగాలంటే కాలువ పైన ఉండాలి, చేలోంచి బయటికి పోవాలంటే డ్రెయిను కింద ఉండాలి. మార్కులు రాని పిల్లవాడు ఆ రోజు తరగతికి టీచరవుతాడు. ఈ పాఠానికి మాత్రం పీరియడంతా తెర వెలగనివ్వండి.

బోర్డు తుడవకండి

తెరమీద స్లయిడ్ మారితే ముందుది మాయం. పిల్లవాడు ఒక్క క్షణం ఆలస్యమైతే తీగ తెగిపోతుంది. బోర్డుమీద మాత్రం మొదటి అడుగు నుంచి చివరి అడుగుదాకా పీరియడంతా ఉంటుంది, వెనక్కి చూసుకోవచ్చు. లెక్క బోర్డుమీద, బొమ్మ తెరమీద. గంట కొట్టేదాకా డస్టరు ముట్టుకోకండి.

ఇక చిన్నవి. నెట్ ఉంటుందని నమ్మి పాఠం తయారుచేసుకోకండి, కావలసినవి ముందురోజే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. కరెంటు పోయినా నడిచే పాఠమే అసలు పాఠం. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినట్టు మన కోస్తాకు ఏదో ఒక ఏడు ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. టచ్ దానంతటదే గీతలు గీస్తోందంటే కంగారుపడి మెకానిక్కును పిలవకండి. చాలా ప్యానెళ్ళలో టచ్‌ను కనిపెట్టేది అంచు ఫ్రేములో తిరిగే కంటికి కనబడని కిరణాలు. పక్కనే బోర్డు కాబట్టి సుద్దపొడి ఆ అంచుల్లో పేరుకుంటుంది. ఆఫ్ చేసి మెత్తటి పొడిగుడ్డతో నాలుగంచులూ తుడవండి.

ఇంటి ఫోనుకు హోమ్‌వర్కు పంపకండి. ఆ ఫోను పొద్దున్నే నాన్నతో పాటు చేలోకో, ఆటోలోనో, బెజవాడ పనికో వెళ్ళిపోతుంది. రాత్రి తిరిగొచ్చేసరికి చార్జింగు ఉండదు, ఉన్నా అన్న చేతిలో ఉంటుంది. కరోనా ఏడాది దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చినప్పుడు కూడా టీవీ ఉన్న ఇల్లు, ఆ వేళకు ఖాళీగా ఉన్న పిల్ల, రెండూ కలిస్తేనే చదువు. ఇంటికిచ్చే పని నోట్సులో ఇవ్వండి.

ఎవరి పాఠాల మీదా పూర్తిగా ఆధారపడకండి

1975 ఆగస్టు 1న ‘సైట్’ అనే టీవీ ప్రయోగం మొదలైనప్పుడు ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకు అమెరికా ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు దిగాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఊళ్ళూ ఉన్నాయి. పొద్దున్న పిల్లలకు, సాయంత్రం పెద్దవాళ్ళకు, తెలుగులో కూడా. ఉపగ్రహం ఏడాదికే ఇచ్చారు. 1976 జులై 31తో అయిపోయింది. తర్వాత రేడియోలో ‘విందాం నేర్చుకుందాం’ వచ్చింది. గొంతు మధ్యలో ఆగి పిల్లల్ని పలకమని అడిగేది, అందుకే అది నాకు ఇష్టం. 2017లో డిజిటల్ పాఠాల వేదిక ‘దీక్ష’ వచ్చింది, పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. మొన్న ట్యాబుల్లో పాఠాలు నింపిన బైజూస్ 2024 జులైలో దివాలా విచారణ కిందికి వెళ్ళింది. ఇవన్నీ వచ్చినా, కొన్ని పోయినా, తరగతికి రోజూ వచ్చింది టీచరే.

అందుకని మీ సొంత ఖజానా ఒకటి కట్టుకోండి. ఒక లాంగ్ నోట్సు కొనండి. అందులో ఒక్కొక్క పాఠానికి ఒక పేజీ. పిల్లలు రాసిన తప్పు, దాని వెనక వాళ్ళ ఆలోచన, దాన్ని కదిలించిన ప్రశ్న. ఏడాది తిరిగేసరికి మీ దగ్గర ఏ కంపెనీ దగ్గరా లేని సరుకు ఉంటుంది. ఫొటోలు ఒక పెన్‌డ్రైవ్‌లో తరగతి వారీగా పెట్టుకోండి. బదిలీ అయితే ఆ నోట్సు మీ తర్వాత వచ్చేవాళ్ళకు ఒక కాపీ ఇచ్చి వెళ్ళండి.

తనిఖీకి వచ్చిన అధికారి ‘ప్యానెల్ ఎందుకు ఆపి ఉంచారు?’ అని అడిగితే తడబడకండి, సంజాయిషీలు వద్దు. నాలుగు రఫ్ నోట్సులు ఆయన చేతిలో పెట్టండి. మీ లాంగ్ నోట్సు తెరిచి, నిన్న ఏ లెక్క దగ్గర ఎంతమంది ఆగారో, ఇవాళ వాళ్ళలో ఎంతమంది దాటారో చూపించండి. అప్పుడు ప్యానెల్ వేసి, నిన్నటి తప్పు ఫొటో తెరమీద పెట్టి, పిల్లల్ని మాట్లాడనివ్వండి. ఆయన కూర్చోవడానికి వెనక బెంచీలో చోటు చూడండి, అక్కణ్ణుంచైతే పిల్లల నోట్సులు కనబడతాయి.